సమ్మెనాటి బాటసారి

సమ్మె యనగానే మనకు రెండు పక్షములు తోచును. పని చేయువా డొకడు, పని చేయించుకొనువా డొకడు. ఒకడు కూలి హెచ్చింపుమనును. వేఱొకడు వీలు గాదనును. ఈ రెండు పక్షముల వాదములను ప్రకటించుటకు పత్రికలు గలవు, పలుకుటకు నాయకులు గలరు, తీర్చుటకు న్యాయస్థానములు గలవు. కాని రైళ్లు, బస్సులు నిలిచిపోవు సమ్మెలలో మూడవవా డొకడు గలడు. వాడు మూట చేతబట్టుకొని స్టేషనులో నిలుచుండును. వానిని వాదమునకు పిలిచినవారు లేరు. వానికి నోటీసు నిచ్చినవారు లేరు. తగవు తీరిన పిమ్మట వాని నష్టమును గుర్చి యడుగువారును లేరు.

ఈ మూడవవారిలోను తారతమ్యములు గలవు. ఆసుపత్రికి బోవు రోగియు, పరీక్షకు బోవు విద్యార్థియు, పుట్టింటికి పురిటికి బోవు గర్భిణియు నెల్లరి జాలికి పాత్రులు. కాని యాట చూడబోవువానిని గాంచి జాలిపడువారు అరుదు. “ఆట చూడకున్న కొంప మునుగునా?” యని పెద్దలందురు. ఈ ప్రశ్నయే మాకు విచారింపదగినదిగా దోచినది. ఆటకు బోవు బాటసారికి సమ్మెనాడు న్యాయమైన ఫిర్యాదు కలదా? కలదేని యది యెవరిపై? పైకి స్వల్పముగ గనబడు నీ ప్రశ్న, మనము ఒకరిపై నొకర మెట్లాధారపడి బ్రతుకుచున్నామను పెద్దప్రశ్నకు వాకిలియని మా యభిప్రాయము.

మొదట దూరదేశపు దృష్టాంత మొకటి. ఇంగ్లండునందు ఫుట్‌బాలునకు గల స్థానము మనదేశమున క్రికెట్టునకు గల స్థానము వంటిది. 1871–72లో మొదలైన ఎఫ్‌.ఏ. కప్పు వారి పోటీలలో ప్రాచీనమైనది. 2023 జూన్ 3వ తేదీ శనివారమున లండనునందలి వెంబ్లీ క్రీడారంగమున దాని తుదిపోటీ జరిగెను. ఆనాడు తలపడిన జట్లు, మాంచెస్టరు సిటీయు మాంచెస్టరు యునైటెడును, ఒక్క యూరివే. ఇన్నేండ్ల చరిత్రలో నా రెండును తుదిపోటీలో నెదురుపడుట యదియే ప్రథమము. కావున నొకే యూరినుండి వేలకొలది జనులు ఒకే దినమున మూడువందల కిలోమీటర్లకు పైబడి ప్రయాణము చేయవలసివచ్చెను. సరిగా నాడే ఆస్లెఫ్ అను రైలుడ్రైవర్ల సంఘము సమ్మెకట్టెను. జనులు బస్సులను, కార్లను ఆశ్రయింపవలసివచ్చెను. ఆట మొదలై పదునైదు సెకనులైనను నిండకముందే సిటీజట్టు తొలిగోలు చేసినది. తుదకు 2–1గా గెలిచినది. దారిలో గడియసేపు జాగైనవానికి ఆ తొలిగోలు మరల దొరకదు. ఉత్తరము రేపు చేరవచ్చును, సరుకు ఎల్లుండి చేరవచ్చును. ఆట చూడబోవువాడు కోల్పోవునది మాత్రము మరునాడు తెచ్చియిచ్చుటకు వీలులేనిది.

డ్రైవర్ల మాటయు వినవలయును. 2019 తరువాత తమ జీతములు పెరుగలేదనియు, 2022లో ధరల పెరుగుదల నూటికి పదిని మించినదనియు వారి వాదము. 2022 వేసవిలో మొదలైన యా తగవు 2024 సెప్టెంబరులో, మూడేండ్లకు గలిపి నూటికి పదునైదు వంతుల వేతనవృద్ధి నంగీకరించుటతో ముగిసెను. రెండేండ్లకు పైగా సాగిన యీ వివాదములో ఎన్ని శనివారములు, ఎందఱి వేడుకలు గడచిపోయినవో లెక్కింపజాలము.

ఈ కథ కోనసీమవారి కెందులకని చదువరులు ప్రశ్నింపవచ్చును. మా సీమలో రైలు లేదు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలుమార్గము రెండవ ప్రపంచయుద్ధకాలమున 1940లో పెరికివేయబడి, 2004లో మరల వచ్చినను, గౌతమి కావలియొడ్డుననే యాగిపోయినది. దానిని అమలాపురముమీదుగా నరసాపురమువఱకు కొనిపోవు పని యేండ్ల తరబడి సాగుచునేయున్నది. రైలు లేనివారికి రైలుసమ్మె యేమి చేయును?

మా సమాధాన మిది. ప్రయాణము పరాధీనమని కోనసీమవారికి దెలిసినంతగా వేఱెవరికిని దెలియదు. మూడుదిక్కుల గోదావరిపాయలు, నాల్గవదిక్కున సముద్రము. రాజోలువైపువారు నరసాపురమున రైలెక్కవలెనన్న సఖినేటిపల్లి రేవున పంటు దాటవలయును. ముక్తేశ్వరమువారు కోటిపల్లికి బోవలెనన్న పంటే దిక్కు. యెదుర్లంక–యానాముల నడుమ వారధి కట్టువఱకు నక్కడను పడవయే. వరద వచ్చినప్పుడు పంటు నిలిచిపోవును. ఆవలియొడ్డు కంటికెదుటనే యుండును గాని చేరరాదు. పడవ నడుపువానికి జ్వరము వచ్చిన నీవలియొడ్డున పెండ్లివా రాగిపోయిన దినములు మా పెద్దలకు జ్ఞాపకమున్నవి. ఆ దినములలో రేవువానికి కొత్తధాన్యము వచ్చినపుడు కుంచము కొలిచి యిచ్చువారు. పండుగకు పిండివంట పంపువారు. అది దాతృత్వము గాదు. తమ రాకపోకలు ఒక మనుష్యుని రెక్కలమీద నడచుచున్నవను జ్ఞానము.

మఱియు మా సీమవారికి వేడుకకై చేయు ప్రయాణము తేలికవిషయము గాదు. కనుమనాడు జగ్గన్నతోటకు పదునొకండు గ్రామముల ప్రభలు తరలివచ్చును. ప్రభను భుజములపై నెత్తుకొని కౌశికను నీటిలో దిగి దాటించువారిని జూచుటకు జనము గట్టులనిండ నిలుచును. భీష్మైకాదశినాడు అంతర్వేది రథోత్సవమునకు బోవు బస్సులలో కాలు పెట్టుటకు చోటుండదు. వీరందఱును భక్తికొఱకే పోవుదురని యెవరనగలరు? పదిమందితో గలిసి యొకేదానిని చూచి, ఒక్కసారిగా కేకవేయుటలో నొక యానందమున్నది. అది ఇంట గూర్చుండి పొందదగినది గాదు. అమలాపురపు బిడ్డడగు రంకిరెడ్డి సాత్విక్‌సాయిరాజు 2023 ఆసియాక్రీడలలో బాడ్మింటను జంటలపోటీలో స్వర్ణపతకము గెలిచినప్పుడు, ఆటయన్న నేమో యెఱుగని ముసలమ్మలు సైతము అరుగులమీద గర్వపడిరి. ఫుట్‌బాలును తెలుగుదేశమునకు పరాయిది గాదు. 1956 మెల్బోర్ను ఒలింపిక్సున భారతజట్టును నాల్గవస్థానమునకు జేర్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము హైదరాబాదువాడు, వృత్తిచే నుపాధ్యాయుడు. కావున ఆట చూడబోవుట వ్యర్థులపని యను మాటను మేమంగీకరింపము. ఆరుదినములు పాటుపడినవానికి ఏడవదినమున దొరకు సంతోషము వాని జీవితములో నొక భాగము. దానిని కోల్పోయినవానికి నష్టము కలిగినదనియే చెప్పవలయును.

ఇంతవఱకు బాటసారి పక్షము. ఇక నావలిపక్షము చూతము.

ఆ శనివారపు సంతోష మెవరి సొమ్ము? పందొమ్మిదవశతాబ్దపు పూర్వార్ధమున ఇంగ్లండు మిల్లులలో పనివారికి శనివారము సాయంకాలమువఱకును పనియే. 1850లో జేసిన ఫ్యాక్టరీచట్టము స్త్రీలకును, పసివారికిని శనివారము మధ్యాహ్నము రెండుగంటలకు పని నిలిపివేయవలెనని విధించెను. ఆ వెసులుబాటు క్రమముగా పురుషులకును వ్యాపించెను. ఆ దేశమున ఫుట్‌బాలుపోటీలు శనివారము మధ్యాహ్నము మూడుగంటలకు మొదలగుట దీని ఫలమే. మనదేశమున 1948 నాటి ఫ్యాక్టరీచట్టము వారమునకు నలువదియెనిమిది గంటల హద్దును, వారమున కొకదినము సెలవును నిర్ణయించెను. ఈ హద్దులు యజమానులు దయదలచి యిచ్చినవి గావు. పనివారు సంఘములు గట్టి, సమ్మెలు చేసి, కొందఱు కొలువులు పోగొట్టుకొని సాధించినవి. నేడు సమ్మెవలన తన యాట పోయినదని చింతించువానికి, ఆ యాట చూచుటకు వలసిన తీరిక నాటి సమ్మెలవలననే లభించినది.

ఇంతకంటె వింతయైన బంధుత్వ మొకటి గలదు. ఆ వెంబ్లీపోటీలో నాడిన మాంచెస్టరు యునైటెడు జట్టు 1878లో న్యూటన్ హీత్ అను పేర పుట్టినది. దానిని స్థాపించినవారు లాంకషైరు–యార్క్‌షైరు రైల్వే కర్మాగారమున పెట్టెలను బాగుచేయు పనివారు. రైలుపనివారు పుట్టించిన జట్టును జూచుటకు బయలుదేఱినవారిని రైలుపనివారి సమ్మె ఆపినది! మనదేశమునను ఇట్లే. ప్రపంచకప్పును గెలిచిన జట్టునాయకుడు మహేంద్రసింగు ధోని యొకనాడు ఖరగ్‌పూరు స్టేషనులో టిక్కెట్లు తనిఖీచేయు నుద్యోగి. మైదానములో చొక్కా మార్చుకొన్నంతమాత్రమున వానికి జయజయధ్వానములు చేయు మనము, ప్లాట్‌ఫారముమీద నట్టి తనిఖీదారునే కంటనైనను జూడము.

ఇచ్చట తత్త్వవిచారము కొంత యావశ్యకము. జర్మనుదేశపు తత్త్వవేత్తయగు కాంటు (1724–1804) నీతికొక సూత్రము జెప్పెను: మనుష్యుని కేవలము సాధనముగా నుపయోగింపరాదు, వానికిని స్వకీయమైన గమ్యము గలదని గుర్తింపవలయును. ఈ సూత్రమును బట్టి సమ్మెను బరీక్షించినచో, బాటసారి ఫిర్యాదునకు బలము చేకూరుచున్నది. యజమానిపై నొత్తిడి తెచ్చుటకు కార్మికుడు వాడుచున్న యాయుధ మేది? బాటసారి పడు నిక్కట్టే. ఎవరికిని కష్టము గలుగని సమ్మె యెవరిచెవికిని సోకదు. కాబట్టి బాటసారి యొక సాధనముగా వాడబడుచున్నాడనుట నిజము. “నాకును మీకును తగవేమి? నన్నేల మీ నడుమ నలిపెదరు?” అని వాడడుగుట న్యాయమే.

కాని యీ సూత్రమున కింకొక యంచు గలదు. సమ్మెలేని దినములలో మనము ఆ డ్రైవరును, ఆ కండక్టరును, రాత్రివేళ పట్టాలవెంబడి లాంతరుతో నడచువానిని ఎట్లు చూచుచున్నాము? వారి పేర్లెఱుగము. వారు తినిరా, నిద్రించిరా యని యెన్నడు నడుగము. బస్సు వేళకు వచ్చిన వారు లేనట్లే; ఆలస్యమైన వారే దోషులు. అనగా మూడువందల యఱువది దినములు వారిని మనము కేవలసాధనములుగా వాడుకొని, అయిదుదినములు వారు మనలను వాడుకొన్నప్పుడు నీతిశాస్త్రము దెఱచుచున్నాము. సంస్కృతమున అంధపంగున్యాయ మని యొకటి గలదు. గ్రుడ్డివాడు కుంటివానిని భుజములపై నెక్కించుకొనును. ఒకనికి కాళ్లు, ఒకనికి కన్నులు. ఇద్దఱును గమ్యము జేరుదురు. ఈ న్యాయమున మన మెప్పుడును భుజములపైనే యున్నాము. మోయువాడు నిలిచి యూపిరి పీల్చుకొన్ననాడు గాని క్రింద నొకడున్నాడని జ్ఞప్తికి వచ్చుట లేదు.

మఱియొక విషయము గమనింపుడు. 2014 అక్టోబరు 14న విశాఖపట్టణమున భారత–వెస్టిండీసు జట్ల నడుమ క్రికెట్టుపోటీ జరుగవలసియుండెను. రెండుదినములకు ముందు, 12వ తేదీన, హుద్‌హుద్ తుపాను విశాఖను దాకెను. పోటీ రద్దయ్యెను. దానిని చూడదలచినవారందఱు విచారించిరి. కాని గాలిని దూషించినవారు లేరు. అదే పోటీ సమ్మెవలన రద్దయినచో వీథివీథిని తిట్లు వినబడియుండును. నష్ట మొక్కటియే, కోప మేల భిన్నము? దైవికమగు నష్టమునకు ముఖము లేదు. మానుషమగు నష్టమునకు ముఖమున్నది. ముఖము కనబడగానే కోపమునకు విలాసము దొరకినట్లు మనము భ్రమింతుము. కాని కంటి కెదుట కనబడువాడే కారకుడని యనుట యుక్తము గాదు. స్టేషనుగేటువద్ద నిలిచిన కార్మికుని ముఖము మనకు గనబడును. నెలల తరబడి యర్జీని పరిశీలింపక బల్లసొరుగులో నుంచిన యధికారి ముఖము గనబడదు. కావున కోపమంతయు మొదటివానిపై బడుచున్నది. సమ్మెదినములలో బాటసారి చేయు నైతికమగు తప్పు ఇచ్చటనే యున్నదని మా తలంపు. ఆతడు కోపగించుట తప్పు గాదు. ఆ కోపమును విచారింపక, దగ్గఱనున్నవానిపై విసరుట తప్పు.

ఈ విషయము తెలుగునాట నెట్లు పరీక్షకు వచ్చినదో చెప్పెదము. 2011 సెప్టెంబరు 13న తెలంగాణమున సకలజనుల సమ్మె యారంభమై నలువదిరెండు దినములు సాగెను. ప్రభుత్వోద్యోగులు, సింగరేణి బొగ్గుగనులవారు, ఆర్టీసీ కార్మికులు అందు పాల్గొనిరి. ఆ సమ్మె నడుమ అక్టోబరు 14న హైదరాబాదులోని ఉప్పలు క్రీడారంగమున భారత–ఇంగ్లండు జట్ల పోటీ జరిగెను. ధోని సారథ్యమున భారతజట్టు 126 పరుగుల తేడాతో గెలిచెను. మఱునాడు, 15వ తేదీన, రైలురోకో మొదలయ్యెను.

మాయొద్ద చదివిన కొత్తపేటప్రాంతపు యువకు డొకడు ఆ పోటీ చూడ రాజమహేంద్రవరమున రైలెక్కి పోయెను. ఆట జూచెను, తిరిగివచ్చుటకు రైలు లేదు, బస్సు లేదు. మిత్రుని యద్దెగదిలో చిక్కుపడెను. హోటలున భుజించుటకు చేతిలో పైకము చాలలేదు. ఆ యింటి క్రిందిభాగమున నొక ఆర్టీసీ కండక్టరు కాపురముండెను. ఆయనయు సమ్మెలో నున్నవాడే. మెట్లమీద గూర్చుండి సమ్మెవారిని దిట్టుచున్న యీ యువకుని మాటలు ఆయన చెవినిబడెను. ఆయన పైకి వచ్చి యన్న మాటలను ఆ యువకుడే మాకు జెప్పినాడు. “తమ్మీ, రెండు రోజులు బండి లేకపోతేనే నీకింత కోపమొచ్చె. నెల కావస్తున్నది, మా ఇంట్ల జీతం లేదు. నా మీద కోపముంటే తిట్టు, కానీ ముందుగాల వచ్చి అన్నం తిను.” ఆ యింట భోజనము చేయునపుడు, కొట్టులో నప్పు పెఱిగినదని గృహిణి మెల్లగా భర్తకు జెప్పుట వీనికి వినబడెను. వాడు తలవంచుకొని తినెను గాని, సమ్మె యన్యాయమను నభిప్రాయమును మార్చుకొనలేదు.

రెండేండ్లు గడచెను. 2013 ఆగస్టు 12 అర్ధరాత్రినుండి, రాష్ట్రవిభజనకు వ్యతిరేకముగా పదుమూడు జిల్లాల యుద్యోగులు సమ్మెకట్టిరి. ఆర్టీసీ బస్సులు దాదాపు రెండునెలలు కదలలేదు. మా కోనసీమలో నా బస్సులే రైళ్లు; అవి నిలిచిన లంకగ్రామములకు కాలినడకయు, ఆటోలవా రడిగిన కిరాయియు దప్ప వేఱుదారి లేదు. ఆ దినములలో నాయువకుడే దీక్షాశిబిరమున గూర్చుండెను. పెండ్లికి బోవలసిన యొక పెద్దాయన శిబిరమున కెదురుగా నిలిచి విసుగుకొనగా, “బాబాయిగారూ, పెద్ద పనికోసం కొంచెం ఓర్చుకోవాలండీ” అని వీడు నచ్చజెప్పెను. అప్పుడు తనకే తన గొంతు వింతగా వినబడినదట. కండక్టరు తన కేమి చెప్పదలచెనో యానాడు దెలిసినదని మాతో ననెను.

ఈ కథను మేము చెప్పుట ఆ రెండు సమ్మెలలో నేది న్యాయమో తేల్చుటకు గాదు. చరిత్ర తన తీర్పు జెప్పినది, 2014 జూన్ 2న తెలంగాణరాష్ట్రమేర్పడినది. మేము చూపదలచిన దొక్కటి. మన పక్షపు సమ్మె “ఉద్యమము”. ఎదుటిపక్షపు సమ్మె “జనుల కిబ్బంది”. ఈ తూనికలో న్యాయము లేదు. ఏ సమ్మె విషయమునందైనను తీర్పు చెప్పుటకు ముందు, “ఈ కోరిక నాదైయుండినచో నేనీ యిక్కట్టును ఇతరులకు గలిగింతునా?” అని యడిగికొనవలయును. కలిగింతునని తోచినచో, నేడు సహింపవలయును. కలిగింపనని తోచినచో, రేపు మన పక్షము సమ్మె చేసినప్పుడును ఆ మాటకే కట్టుపడవలయును.

ఇక కార్మికుని ధర్మ మేమి? సహనము బాటసారి యొక్కని సొత్తు గాదు. 1947 నాటి పారిశ్రామికవివాదముల చట్టము ప్రజోపయోగసేవలలో సమ్మెకు ముందు నోటీసు నీయవలెననియు, ఇచ్చిన పదునాలుగు దినములలోపల సమ్మె కూడదనియు విధించెను. కాని యా నోటీసు చేరునది యజమానికి. స్టేషనులో మూట పట్టుకొని నిలిచినవానికి గాదు. చట్టము చెప్పకున్నను, ఈ మూడవవానికి దినమును, వేళను ముందుగా దెలుపుట కార్మికసంఘముల నీతి. బయలుదేఱిన బండిని నడిదారిలో విడువరాదు. పడవవాడు నడియేట తెడ్డు పాఱవేయరాదు గదా. రోగులను, గర్భిణులను చేరవేయుటకు కొన్ని బండ్లు విడువవలయును. వేడుకకు బోవువాని కింత మినహాయింపు నడుగ మాకు నోరు రాదు. కాని ముందు తెలిసిన, వాడు తన దారి తాను జూచుకొనగలడు. ముందుమాటకు ఖర్చు లేదు. కోర్కె యెంత న్యాయమైనను, మాట యీయక ముంచినచో జనుల సానుభూతి పోవును. జనుల సానుభూతి లేని సమ్మె యెన్నాళ్లో నిలువదు.

ఆటలు నడుపువారికిని ధర్మమున్నది. 2022 ఏప్రిలులో మాంచెస్టరు సిటీ, లివర్‌పూలు జట్ల ఎఫ్‌.ఏ. కప్పు ఉపాంత్యపోటీ వెంబ్లీలో జరిగినప్పుడు, ఆ రెండు నగరములనుండియు లండనునకు నేరుగా రైళ్లు లేకపోయెను. కారణము సమ్మె గాదు, పట్టాలను బాగుచేయుట. జనులు గగ్గోలు పెట్టగా నిర్వాహకులు నూఱు బస్సులను ఉచితముగా నేర్పాటు చేసిరి. కాబట్టి తలచుకొన్న దారి దొరకును. టిక్కెట్టు సొమ్ము తీసికొన్నవాడు, “నీవెట్లు వచ్చెదవో నాకేల” యనుట వర్తకమర్యాద గాదు. దినము మార్చుట, వేళ మార్చుట, రాలేనివానికి సొమ్ము తిరిగి యిచ్చుట: ఇవి వాని చేతిలో నున్న పనులు.

అన్నిటికంటె పెద్దబాధ్యత యజమానిది. మనదేశమున రైళ్లకును, ఆర్టీసీలకును ప్రభుత్వమే యజమాని. 1974 మే 8 మొదలు 27వఱకు దేశమంతట రైలుసమ్మె జరిగెను. దాదాపు పదునేడులక్షల కార్మికులు పాల్గొన్న యా సమ్మెను ప్రభుత్వము వేలకొలది నిర్బంధములతో నణచెను. ఆనాడు రాష్ట్రపతిపీఠముపై నున్నవా రెవరు? మన తెలుగువారగు వరాహగిరి వేంకటగిరిగారు. బెంగాలు–నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపఱచి, 1928లో వారి సమ్మెకు నాయకత్వము వహించి, అఖిలభారత రైల్వేకార్మికసమాఖ్యను నిలిపినవారిలో నొకరైన యాయన, రాష్ట్రపతిభవనమున నుండి యా యణచివేతను జూడవలసివచ్చెను. చరిత్రలో నిట్టి విపరీతములు గలవు. తగవులను పైవారి తీర్పులకు విడువక, ఉభయపక్షములు ఎదురెదురుగ గూర్చుండి మాటలాడి తీర్చుకొనవలెనని గిరిగారు కార్మికమంత్రిగ నున్ననాడు పట్టుపట్టిరి. 1954లో బ్యాంకుల తీర్పు విషయమున ప్రభుత్వముతో నభిప్రాయభేదము గలిగి మంత్రిపదవిని విడిచిరి. వారి మార్గమును ప్రభుత్వములు పాటించియుండినచో నెన్ని సమ్మెలు తప్పియుండెడివి!

2019లో జరిగినదానిని జూడుడు. సంస్థను ప్రభుత్వములో విలీనము చేయవలెనని తెలంగాణ ఆర్టీసీ కార్మికులు దసరాకు మూడుదినములముందు, అక్టోబరు 5న, సమ్మె కారంభించిరి. అది యేబదిరెండు దినములు సాగెను. చెప్పిన గడువులోపల పనిలో చేరనివారు తమంతట తామే కొలువులు వదలుకొన్నవారని ప్రభుత్వము ప్రకటించెను. కొందఱు కార్మికులు నిరాశతో ప్రాణములు దీసికొనిరి. పండుగకు ఇంటికి జేరలేకపోయిన బాటసారి కష్టము నిజమే. కాని యా యేబదిరెండు దినములలో మూల్యము మిక్కుటముగ జెల్లించిన దెవరో మఱువరాదు. పర్యవసానమున వారందఱును మరల పనిలోనికి దీసికొనబడిరి. చివరకు జేయదగినదానిని మొదటనే చేసియుండినచో నెంత దుఃఖము తప్పియుండునో గదా.

గృహస్థులకును, గృహిణులకును మేము చెప్పదలచిన మాట కడపట నున్నది. ఈ విచారము చట్టసభలలో కంటె ఇండ్లలో నెక్కువ ఫలించును. సమ్మెనాడు ప్రయాణ మాగినప్పుడు బిడ్డలయెదుట మన నోట వచ్చు మొదటిమాట యేది? “ఈ బస్సులవాళ్లకు పొగరెక్కింది” అందుమా? “వాళ్లకేం కష్టం వచ్చిందో, ఎవరు తీర్చలేదో కనుక్కుందాం” అందుమా? బిడ్డ యా మాటతోనే పౌరధర్మము నేర్చుకొనును. బస్సులో కండక్టరును “ఏయ్” అని పిలుచు తండ్రి కొడుకు “అన్నా” యని పిలువడు. రేవువానికి ధాన్యము కొలిచిన మన యవ్వల యాచారమునకు నేడు వేఱురూప మేదైన నుండవలయును. డ్రైవర్ల పనివేళల కొక హద్దుండవలెనను కోరిక పత్రికలో గనబడినప్పుడు దానిని చదువుట, మన ప్రతినిధి నడుగుట, సమ్మె రాకముందే వారి పక్షమున నొకమాట పలుకుట: ఇవి యా రూపములు. నోటీసులు చేతులు మాఱుచున్న దినములలో మనము పలుకక, బండ్లు నిలిచిననాడు మాత్రమే నోరు దెఱచినచో, మన నోటికి విలువ యెక్కడిది?

కావున మా తీర్పిది. ఆటకు బోవు బాటసారికి ఫిర్యాదు కలదు. అది నవ్విపుచ్చదగినది గాదు. కాని యా ఫిర్యాదు ముందుగా తగవును నాననిచ్చినవానికి చెందవలయును, పిమ్మట, ముందుమాట చెప్పక బండి నిలిపినచో, కార్మికునికి, కొంత తనకును. తనకేలయన, తాను నడచిన ప్రతి దారిని ఇంకొకరు నడిపించుచున్నారను సంగతిని మఱచిన యపరాధము వానిదే. ఈ మూడు భాగములను సరిగా బంచుకొనగలిగిన నాడు, సమ్మెలు లేకుండ బోవు ననము గాని, సమ్మెనాడు ప్లాట్‌ఫారముమీద నిలిచిన యిద్దఱు మనుష్యులు, ఒకరు యూనిఫారముతోను ఒకరు టిక్కెట్టుతోను, ఒకరినొకరు శత్రువులుగ జూచుకొనకుందురు.